చింతగింజలతో నీళ్ల లెక్క



ఇంట్లో చింతగింజలుంటే ఒక నలభై తెచ్చుకోండి. చింతగింజలు లేకపోతే శనగలు. అవీ లేకపోతే గులకరాళ్లు. ఏవైనా సరే, నలభై ఉండాలి. దగ్గరున్నవాళ్లను పిలవండి. ఇంటి పెద్దాయన, కోడలు, బడికి పోయే పిల్ల, పక్కింటి వదిన, మీరు. ఐదుగురయ్యారు. గింజలు నడుమ కుప్ప పోయండి. ఈరోజు మనం మాట్లాడుకునేది ఆటలతో నేర్పడం గురించి. ఆట గురించి చెప్పే ముందు ఒక ఆట ఆడితే నా పని తేలికవుతుంది.

నేను ముఖ్యంగా తెలంగాణలోని నారాయణఖేడ్ చుట్టుపక్కల వాళ్లను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాను. బోరు మీద బతికే ఊరు ఏదైనా సరే, ఇది మీ ఊరి ముచ్చటే అనుకోండి.

ఆ కుప్ప ఏమిటి? మీ ఊరి భూమి కింద ఉన్న నీళ్లు. ఐదుగురికీ బోర్లున్నాయి. బోర్లు ఐదు, కుప్ప ఒక్కటే. ఈ మాట గుర్తుంచుకోండి. బోర్లు ఐదు, కుప్ప ఒక్కటే.

ఇప్పుడు యాసంగి వచ్చింది. ఎవరేం పంట వేస్తారో వాళ్లిష్టం. జొన్న వేస్తే కుప్పలోంచి ఒక గింజ తీసుకోవాలి. వరి వేస్తే మూడు గింజలు తీసుకోవాలి. జొన్నకు రెండు రూపాయలు వస్తాయి, వరికి ఐదు రూపాయలు వస్తాయి. ఎవరి రూపాయలు వాళ్ల పేరు కింద సుద్దముక్కతో రాసుకోండి. అందరి వంతూ అయ్యాక వాన పడుతుంది. వాన పడితే కుప్పలో ఐదు గింజలు వేయాలి. అంతే ఆట. ఒక షరతు: మొదటి ఆటలో ఎవరూ ఎవరితో మాట్లాడకూడదు.

ఏమవుతుందో చూద్దాం. వరికి ఐదు రూపాయలన్నాక జొన్న ఎవరేస్తారు? అందరూ వరే వేశారు. ఐదుగురు, తలా మూడు. పదిహేను గింజలు పోయాయి. నలభైలో ఇరవై ఐదు మిగిలాయి. వాన పడింది, ముప్పై అయ్యాయి. పర్వాలేదు. రెండో ఏడు మళ్లీ వరి. వాన పడ్డాక కుప్పలో ఇరవై. కొంచెం తగ్గింది గానీ, ఇంకా కుప్ప కుప్పలాగే ఉంది. మూడో ఏడు మళ్లీ వరి. వాన పడ్డాక లెక్క పెడితే పది. ఇక నాలుగో ఏడు చూడండి. ఐదుగురున్నారు, పది గింజలున్నాయి. ముందు చెయ్యి పెట్టిన ముగ్గురు మూడేసి తీసుకున్నారు. ఒక్క గింజ మిగిలింది. ఇద్దరి చేతులు కుప్ప మీదికి పోయి ఆగిపోయాయి.

ఆ ఇద్దరూ నిజం ఊళ్లో ఏం చేస్తారు? ఇంకో బోరు వేస్తారు. అప్పు తెచ్చి, ఇంకా లోతుకు వేస్తారు. ఆ లోతు బోరు కూడా పోయేది ఈ కుప్పలోకే. బోర్లు ఆరయ్యాయి, కుప్ప ఒక్కటే. ఆ బోరూ వట్టిపోతే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని చెరకు కొట్టే పనికి పోతారు. మన తండాల్లో ఈ కథ తెలియని ఇల్లు లేదు.

ఇప్పుడు గింజలు మళ్లీ కుప్ప పోయండి. నలభై. రెండో ఆట. ఈసారి మాట్లాడుకోవచ్చు.

మాట్లాడుకుని అందరూ జొన్నే వేశారనుకుందాం. ఏడాదికి ఐదు గింజలు పోతాయి, వానకు ఐదు వస్తాయి. పదేళ్లయినా కుప్ప నలభైకి నలభై. మొదటి ఆటలో మూడేళ్లకు తలా పదిహేను రూపాయలు వచ్చి ఆట ఆగిపోయింది. ఈ ఆటలో పదేళ్లకు తలా ఇరవై వచ్చాయి, ఇంకా ఆడుతూనే ఉన్నారు.

ఇదంతా వినడానికి బాగుంది. కానీ అసలు సంగతి ఇక్కడ లేదు. ఐదుగురిలో ఒక్కరు వరి వేస్తే ఏమవుతుంది? ఏడాదికి రెండే గింజలు తగ్గుతాయి. నలభైలో రెండు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆ ఒక్కరికి ఐదు రూపాయలు, మిగతావాళ్లకు రెండు. రెండో ఏడు పక్కవాళ్లు ఊరుకుంటారా? నేనొక్కణ్ని వేస్తేనే కుప్ప అయిపోతుందా అని ఆ ఒక్కరు అడుగుతారు. నేను మాత్రం అమాయకుణ్నా అని ఇంకొకరు అంటారు. ఊరి నీళ్లు అయిపోయేది ఎవరో దుర్మార్గుడి వల్ల కాదు, ఈ రెండు మాటల వల్ల. ఈ విషయం నేను ఎన్ని ప్రసంగాలు చేసినా మీకు పట్టదు. వదిన మూడు గింజలు తీసుకుంటుంటే చూశారు చూడండి, అప్పుడు పడుతుంది.

ఈ ఆటలో గింజలు, రూపాయలు నేను పెట్టుకున్నవి. ఆట మాత్రం ఉత్తుత్తిది కాదు. ఇలాంటిదే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నిజంగా ఆడించారు. 2013లో మొదలుపెట్టారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, ఇఫ్‌ప్రి అనే అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కలిసి చేసిన పని ఇది. రూథ్ మైన్‌జెన్ డిక్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు దీని మీద రాశారు. ఊరివాళ్లను కూర్చోబెట్టి, ఏ పంట వేస్తారో అడిగి, ఆ పంటకు భూమి కింద నీళ్లు ఎంత తగ్గాయో ఏడాదికేడాది చూపించారు. ఆట అయ్యాక ఊరందరినీ పిలిచి ముచ్చట పెట్టారు. ఒక ఏడాది ఆగి, అవే ఊళ్లకు వెళ్లి, ఆటను కొంచెం మార్చి మళ్లీ ఆడించారు.

వాళ్లకు తేలినవాటిలో మూడు సంగతులు నాకు బాగా నచ్చాయి. మొదటి రెండూ మనం అనుకునేదానికి ఎదురు నిలుస్తాయి.

ఒకటి. కొందరికి ఆటలో ఎలా ఆడారో చూసి డబ్బులిచ్చారు. డబ్బులిస్తే జాగ్రత్తగా ఆడతారు గదా అనుకుంటాం. డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా పంటల ఎంపికలో తేడా రాలేదు. రైతు ఆ ఆటను ఆ కాసిని రూపాయల కోసం ఆడలేదన్నమాట.

రెండు. మాట్లాడుకోనిస్తే దారికొస్తారని మనందరం అనుకుంటాం. నేనూ ఇందాక అలాగే చెప్పాను. కానీ మొదటి ఏడాది మాట్లాడుకోవడం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. రెండో ఏడాదే ఒరిగింది. మాట్లాడుకున్న జట్లు నీళ్లు నిలిచేలా ఆడాయి. ఎందుకని? నాకు తోచింది చెబుతాను. ఒకసారి మునిగినవాడికే రెండోసారి మాట్లాడేందుకు మాట దొరుకుతుంది. ఆటను కూడా కాస్త మార్చారు గనుక, అది ఆ మార్పు వల్లా, మళ్లీ ఆడటం వల్లా అన్నది పరిశోధకులు విడదీసి చెప్పలేదు. ఏదైనా సరే, ఆ రెండో ఏడాది ముందు చదువు, ఆడా మగా, ఒకరిమీదొకరికి నమ్మకం, ఇవన్నీ చిన్నవైపోయాయి.

మూడు. ఆట ఆడిన ఊళ్లలో నీళ్ల రిజిస్టర్లు పెట్టుకున్నవి, బోర్ల నీళ్లకు కట్టుబాట్లు చేసుకున్నవి ఎక్కువ. అదే సంస్థ పనిచేస్తూ ఆట ఆడించని ఊళ్లతో పోల్చి చూసిన మాట ఇది. అలాగని ఆటతో నీళ్లు పైకొచ్చాయని వాళ్లు చెప్పలేదు. వాన పడాలి, పంట మారాలి, చాలా కలిసి రావాలి. ఆట ఒక్కటే నీళ్లు తేదు అని వాళ్లే రాశారు. నిజం చెప్పే పరిశోధన మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మళ్లీ మన కుప్ప దగ్గరికి వద్దాం. ఒక ఏడు మంచి వాన పడింది అనుకోండి. ఐదు గింజల బదులు తొమ్మిది పడ్డాయి. ఇప్పుడు ఎవరైనా వరి వేయొచ్చా? వేయొచ్చు. ఇద్దరు వరి, ముగ్గురు జొన్న. మూడూ మూడూ ఆరు, ఇంకో మూడు, తొమ్మిది. కుప్ప తగ్గదు. కానీ ఆ ఇద్దరు ఎవరు? ఈ ఏడు ఎవరి వంతు, వచ్చే ఏడు ఎవరి వంతు? ఇక్కడ ఆట ఆగుతుంది, ముచ్చట మొదలవుతుంది. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే: ఆట సగం, ముచ్చట సగం. ముచ్చట లేని ఆట కాలక్షేపం. ఆట లేని ముచ్చట ఉపన్యాసం.

ముందు వాన లెక్క, తర్వాత పంట లెక్క. ఈ పని మన తెలుగు రైతులు నిజంగా చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఒక పథకం మొదలైంది. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం. ఆంగ్లంలో దాని పొట్టి పేరు ఏపీఫామ్స్. కరువు జిల్లాలు ఏడింటిలో నడిచింది. మన వైపు మహబూబ్‌నగర్, నల్గొండ అందులో ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడుగా నిలిచింది. ఊరి రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వానమాపకంలో వాన కొలిచారు. బోరులోకి తీగ దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచారు. యాసంగి విత్తనాలకు ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సిన నీళ్లెన్ని అని లెక్క కట్టారు. నీటి బడ్జెట్ అన్నారు దాన్ని. ఫలానా పంట వేయవద్దని ఎవరూ హుకుం వేయలేదు. లెక్క బోర్డు మీద రాసి పెట్టారు. మనసు మార్చుకున్నవాళ్లు ఆ బోర్డు చూసి మార్చుకున్నారు.

హుకుంలు మనకు కొత్త కాదు. వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలని అందులో ఉంది. చట్టం ఉన్నా రాత్రికి రాత్రి బోరు బండి వచ్చిపోవడం మీరూ చూశారు, నేనూ చూశాను. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలు ఉచిత కరెంటు వచ్చింది. ఆటోస్టార్టర్లు తీసేయమని సర్కారు బతిమాలింది. ఆటోస్టార్టర్ పెడితే ఏమవుతుంది? రైతు పడుకుని ఉంటాడు, మోటరు తనంతట తానే తిరుగుతుంది. మన ఆటలో చెప్పాలంటే, కళ్లు మూసుకున్న మనిషి చెయ్యి కుప్పలోంచి గింజలు తీస్తూనే ఉంటుంది. ఎన్ని తీసిందో ఆ మనిషికే తెలియదు.

నల్లవాగు ప్రాజెక్టు కింద పొలమున్నవాళ్లు, ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది, మంజీర నీళ్లు పైకొస్తే బోర్ల బాధ తీరుతుందని కొందరు అనుకోవచ్చు. రావాలనే కోరుకుందాం. కాలువలో నీళ్లు కూడా కుప్పే. కనిపించే కుప్ప, అంతే తేడా. కాలువ మొదట్లో వాళ్లు మూడు గింజలు తీసుకుంటే చివర్లో వాళ్లకు ఏం మిగులుతుందో ఆయకట్టు రైతును అడగండి, చెబుతాడు.

నేర్పడానికి ఆట ఎందుకు పనికొస్తుంది? అందులో నష్టపోతే నిజంగా నష్టం లేదు. గింజలు అయిపోతే మళ్లీ పోసుకుంటాం. బోరు ఎండితే మళ్లీ పోసుకోలేం. తప్పు చేసి నేర్చుకోవాల్సిన పని ఉండి, తప్పు చేసే వీలు లేని చోట ఉత్తుత్తిగా చేయించడం తప్ప దారి లేదు.

పుట్టిన బిడ్డ ఏడవలేదనుకోండి. ఊపిరి తీసుకోవడం లేదు. మొదటి నిమిషం దాటకూడదు. నర్సమ్మ చేతిలో చిన్న మాస్కు, గాలి బుడ్డి ఉంటాయి. ఆ పని పుస్తకం చదివి రాదు, బిడ్డ మీద నేర్చుకోవడానికి లేదు. అందుకే బొమ్మ మీద నేర్పుతారు. నవజాత శిశు సురక్షా కార్యక్రమం అని 2009 నుంచి దేశమంతా జరుగుతున్న శిక్షణలో ఈ బొమ్మే బడి. మాస్కు ముఖానికి సరిగ్గా ఆనకపోతే బొమ్మ ఛాతీ లేవదు. మళ్లీ పెట్టు. మళ్లీ లేవదు. మళ్లీ పెట్టు. బొమ్మ విసుక్కోదు, చచ్చిపోదు. పది తప్పులు అక్కడే చేసి వచ్చిన చెయ్యి రాత్రి రెండు గంటలకు కాన్పు గదిలో వణకదు.

పంతుళ్లకు ఇంకొకటి గుర్తు చేస్తాను. ఎన్నికల డ్యూటీ. పోలింగు మొదలయ్యే ముందు, ఏజెంట్ల ఎదుట, ఈవీఎంలో కనీసం యాభై ఉత్తుత్తి ఓట్లు వేయించాలి. మాక్ పోల్ అంటారు. లెక్క చూపించి, ఆ ఓట్లు చెరిపేసి, సీలు వేసి అప్పుడు అసలు పోలింగు మొదలుపెట్టాలి. చెరపడం మరిచిపోయిన చోట ఎంత గొడవ అయిందో పేపర్లలో చదివాం. ఉత్తుత్తికి, నిజానికి నడుమ గీత ఎక్కడుందో గట్టిగా గీయాలి. ఆట ఆడించే ప్రతివాళ్లకూ ఇది వర్తిస్తుంది.

బడి సంగతి. కార్ల్ వీమన్ అనే భౌతిక శాస్త్రవేత్తకు 2001లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడు ఆయన అమెరికాలోని కొలరాడోలో ఫెట్ అనే పని మొదలుపెట్టాడు. కంప్యూటర్ తెర మీద ఆడుకునే ప్రయోగాలు, ఉచితంగా. అందులో బ్యాటరీ, తీగలు, బల్బు ఉంటాయి. తీగ తప్పుగా కలిపితే తెర మీద బ్యాటరీ అంటుకుంటుంది. పిల్లలు ఏం చేస్తారు? కావాలని ఇంకోసారి అంటిస్తారు! అంటించనివ్వండి. ఎందుకు అంటుకుందని ఆ తర్వాత అడగాలి. మన రాష్ట్రంలో కూడా టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి సర్కారు హైస్కూళ్లలో క్లిక్స్ అనే కార్యక్రమం నడిపాయి. చతుర్భుజాల పాఠానికి అందులో పోలీస్ క్వాడ్ అనే ఆట ఉంది. జామెట్రీ పెట్టె తెరవడానికి భయపడే పిల్లలకు ఇలాంటివి కావాలి.

కానీ ఈమధ్య ఫోన్లలో వచ్చే చదువు ఆటలు చాలావరకు నాకు నచ్చవు. ప్రశ్న అడుగుతాయి, జవాబు నొక్కితే నక్షత్రం ఇస్తాయి, టపాకాయ పేలుతుంది. అది ఆట వేషం వేసుకున్న పరీక్ష. పిల్ల నక్షత్రాలు లెక్కపెట్టుకుంటుంది, లెక్కలు కాదు. డబ్బులిచ్చినా రైతు పంట మారలేదని ఇందాక చెప్పాను గదా. నక్షత్రాల మీద నమ్మకం పెట్టుకునేవాళ్లు ఆ సంగతి ఒకసారి చూడాలి.

మన పాత ఆటలను కూడా ఇదే కంటితో చూస్తాను. వైకుంఠపాళి పుణ్యపాపాలు నేర్పుతుందంటారు. నాకు నమ్మకం లేదు. గవ్వలు ఎలా పడితే అలా పోవడమే, ఆడేవాళ్లు నిర్ణయించేది ఏముంది? పాము నోట్లో పడ్డది నా తప్పు వల్ల కాదు గదా. పులి మేక అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక ఒంటరిగా ముందుకొస్తే పులి నోట్లో పడుతుంది. మేకలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నడిస్తే పులికి కదలడానికి చోటుండదు. ఎంత గొప్ప పాఠం! గుడి అరుగుల మీద, బండల మీద ఆ గీతలు చెక్కుకుని తరతరాలుగా ఆడాం. మరి ఊళ్లో ఎందుకు కలిసి నడవలేదు? ఆట అయ్యాక లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాం గనుక. మన ఊరి పులి ఎవరు, మేకలెవరు అని ఎవరూ అడగలేదు. ఆట సగం, ముచ్చట సగం. ఆ రెండో సగం మనం ఆడనే లేదు.

నారాయణఖేడ్‌లో ఎవరైనా ఈ నీళ్ల ఆట పెట్టాలనుకుంటే నాలుగు మాటలు చెబుతాను. పెట్టండి. వ్యవసాయ విస్తరణ అధికారి పెట్టొచ్చు, హైస్కూలు సోషల్ టీచరు పెట్టొచ్చు, మహిళా సంఘం పెట్టొచ్చు. మన దగ్గర ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, ఆ పక్క మరాఠీ, తండాలో లంబాడీ. గింజలకు భాష లేదు. చదువు రానివాళ్లు వెనక కూర్చోవాల్సిన పని లేదు.

వానాకాలం పంట చేతికొచ్చాక, యాసంగి విత్తనాలు కొనకముందు పెట్టండి. విత్తనం కొన్నాక ఎవరూ మనసు మార్చుకోరు. ఆడవాళ్ల జట్టు ఒకటి, మగవాళ్ల జట్టు ఒకటి విడిగా కూర్చోబెట్టండి. మామ ఎదుట కోడలు మూడు గింజలు తీయదు, తీయాలనిపించినా. ఆడించేవాళ్లు కుర్చీలో కూర్చోకండి, చాప మీద కూర్చోండి. మధ్యలో సలహాలివ్వకండి. కుప్ప అయిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే. ఊరుకోండి. మునగనివ్వండి.

ముచ్చటలో నువ్వెందుకు వరి వేశావని అడగకండి. అలా అడిగితే అది పంచాయితీ అవుతుంది. కుప్ప తగ్గుతోందని మొదట ఎవరికి అనుమానం వచ్చింది, అప్పుడెందుకు చెప్పలేదు అని అడగండి. వంతులు పెట్టుకుంటే మొదటి వంతు ఎవరికివ్వాలి అని అడగండి. ఎక్కువ భూమి ఉన్నవారికా, బోరు ఎండినవారికా? ఇక్కడ గొంతులు లేస్తాయి. లేవనివ్వండి, అది ఊరి అసలు మాట. ఎవరి బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో ఆ రోజే ఒక రిజిస్టరులో రాయించండి. తొమ్మిదో తరగతి పిల్ల ఎవరైనా రాస్తుంది.

ఇంకొకటి. మొదటిసారి ఆడి, అందరూ బాగుందన్నారు, చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు అని అక్కడితో వదిలేయకండి. ఆంధ్ర ఊళ్లలో మాట్లాడుకోవడం రెండో ఏడాదే పనిచేసిందని చెప్పాను గదా. వచ్చే యాసంగికి ముందు మళ్లీ అదే ఐదుగురిని పిలవాలి. ఆ తేదీ కూడా ఈ రిజిస్టరులోనే, మొదటి పేజీ మీదే రాసుకోండి.